తక్కెడకు ముద్ర ఉన్నది, ఉష్ణమాపకానికి?

2024 మే 29వ తేదీ మధ్యాహ్నం రెండున్నర గంటల వేళ ఢిల్లీ వాయవ్య శివారులోని ముంగేష్‌పూర్ అనే చిన్న పల్లె దేశదేశాల వార్తలకెక్కినది. అక్కడి స్వయంచాలిత వాతావరణ కేంద్రం 52.9 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతను నమోదు చేసినది. అంతవరకు మన దేశపు రికార్డు 2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోదీలో నమోదైన 51 డిగ్రీలు. ఎడారి అంచున ఉన్న ఊరిని రాజధాని శివారు పల్లె మించినదన్న వార్త గంటలోపల దేశమంతటా వ్యాపించినది.

అదే రోజున నగరం నడుమనున్న సఫ్దర్‌జంగ్ వేధశాలలో 46.8 డిగ్రీలు, నజఫ్‌గఢ్‌లో 49.1 డిగ్రీలు మాత్రమే నమోదైనవి. ఒకే నగరంలో, ఒకే మధ్యాహ్నం, ఆరు డిగ్రీల వ్యత్యాసం! నాటి భూవిజ్ఞాన శాఖమంత్రి శ్రీ కిరణ్ రిజిజు ఆ సంఖ్య నమ్మదగినదిగా లేదని సాయంకాలానికే ప్రకటించారు. వాతావరణ శాఖ నిపుణులు ముంగేష్‌పూర్ వెళ్ళి, ప్రమాణ పరికరాన్ని పక్కనపెట్టి పోల్చిచూశారు. అక్కడి పరికరం దాదాపు మూడు డిగ్రీలు హెచ్చుగా చూపుతున్నదని జూన్ 1న తేల్చారు. ఈలోగా మే 30న నాగపూర్‌లోని ఒక కేంద్రం ఏకంగా 56 డిగ్రీలు చూపినది. అదీ తప్పేనని తేలినది.

తప్పును మూడు దినాలలో తానే కనిపెట్టి, తానే ప్రకటించిన శాఖను నిందించడం న్యాయం కాదు. మన ప్రభుత్వ శాఖలలో ఆపాటి నిజాయితీ అరుదుగానే కనిపిస్తుంది. ఆ సంఖ్య అసాధారణమైనది కనుకనే అందరి కళ్ళూ దానిపై పడినవి, పరీక్ష జరిగినది. నా సందేహం వేరు. ఆ పరికరం మూడు డిగ్రీలకు బదులు ఒక డిగ్రీ మాత్రమే హెచ్చుగానో, తగ్గుగానో చూపి ఉంటే ఏమయ్యేది? ఎవరూ ముంగేష్‌పూర్ దారి పట్టేవారు కారు.

ఒక డిగ్రీతో వచ్చేదేమిటని పాఠకులు అడగవచ్చు. పూర్వమైతే ఏమీ రాదు. ఉష్ణోగ్రత అన్నది ఒకప్పుడు రేడియోలో విని, ‘అబ్బ, ఎంత ఎండ!’ అని నిట్టూర్చడానికి పనికివచ్చే విషయం. నేడది డబ్బు, విశ్రాంతి, కొన్ని సందర్భాలలో ప్రాణం. అదే 2024 మే నెలలో ఢిల్లీ లెఫ్టినెంట్ గవర్నర్ శ్రీ వి.కె. సక్సేనా భవన నిర్మాణ కూలీలకు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు గంటల వరకు కూలి కోతపడని విశ్రాంతి ఇవ్వాలని ఆదేశించారు. అంతకు ముందే దానిని తన పనిచోట్ల ప్రారంభించిన ఢిల్లీ అభివృద్ధి సంస్థ, ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు దిగువకు వచ్చేవరకు ఈ ఏర్పాటు కొనసాగుతుందన్నది. తట్ట మోసే మనిషికి మూడు గంటలు నీడపట్టున కూర్చునే హక్కు ఉన్నదా, లేదా అన్నది ఒక ఉష్ణమాపకం తేల్చవలసిన స్థితి వచ్చినదన్నమాట. అదే సంవత్సరం గుజరాత్, రాజస్థాన్, మహారాష్ట్రలలో ‘సేవా’ సంస్థ సభ్యులైన 50,000 మంది శ్రామిక స్త్రీలకు ఎండకు భీమా అమలులో ఉన్నది. ఉష్ణోగ్రత నిర్ణీతమైన హద్దు దాటితే చాలు, అర్జీ లేకుండానే సొమ్ము చేతికి అందుతుంది. హద్దుకు అర డిగ్రీ ఇవతల కొలత ఆగిపోతే ఎండ తగ్గదు, సొమ్ము మాత్రం రాదు.

విద్యుత్తు వారికీ ఈ లెక్కే ఆధారం. మే 29నాడే ఢిల్లీ విద్యుత్ వినియోగం 8,302 మెగావాట్లకు చేరి, అంతకు ముందెన్నడూ లేని ఎత్తును తాకినది. రేపటి ఎండను ముందుగా అంచనా కట్టి కరెంటు కొనిపెట్టకపోతే రాత్రికి నగరం చీకటవుతుంది. పౌషమాసపు పొగమంచులో హైదరాబాదు విమానం కోసం పడిగాపులు పడిన తెలుగువారు చాలమందే ఉంటారు. రన్‌వేపై ఎన్ని మీటర్ల దూరం కనిపిస్తున్నదో కొలిచే ‘దృష్టి’ అనే పరికరం బెంగుళూరులోని జాతీయ వాయుయాన పరిశోధనశాల వారిది. అది చెప్పినదాన్ని బట్టే పైలట్ దిగేదీ, దిగనిదీ. అక్కడ పరికరాన్ని పరీక్షించకుండా వదిలే సాహసం ఎవరూ చేయరు. విమానంలో ఉన్నవారు ఎవరన్నది మనకు తెలుసు.

పొలంలో ఉన్నవాడి సంగతి వేరు. వానను కొలిచి దాని ఆధారంగా పంటకు భీమా ఇచ్చే పద్ధతి మన దేశంలో మొదలైనది తెలుగుగడ్డ మీదనే అన్నది చాలమందికి జ్ఞాపకం లేదు. 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో వేరుసెనగ, ఆముదం రైతులకు బేసిక్స్ సంస్థ, ఐ.సి.ఐ.సి.ఐ. లంబార్డ్ కలసి దానిని ప్రారంభించినవి. ఆలోచన గొప్పది. పంట నష్టాన్ని అంచనా వేయడానికి అధికారులు ఊరూరా తిరగనక్కరలేదు, కరణాల కాలం నాటి పైరవీలు అక్కరలేదు; వర్షమాపకం ఇంత చూపితే ఇంత సొమ్ము. తరువాత కేంద్ర ప్రభుత్వమే వాతావరణాధారిత భీమాను చేపట్టినది. 2023 జూలైలో ‘విండ్స్’ పేర బ్లాకుకొక స్వయంచాలిత కేంద్రం, గ్రామ పంచాయతీకొక వర్షమాపకం లక్ష్యంగా కొత్త వ్యవస్థను ప్రకటించినది.

పైరవీ పోయినది, మంచిదే. దానితోపాటు మనిషి కన్ను కూడా పోయినది. పంట ఎండిపోయినదని ఊరంతా చూస్తున్నా, మండల కేంద్రంలోని యంత్రం వాన పడినదన్నదంటే పడినట్టే. ఎద్దుకొమ్ముకు ఒకపక్క తడిసి మరొకపక్క తడవని వానలు రాయలసీమ రైతుకు కొత్త కావు. ఇక ఆ యంత్రం ఎంత సుకుమారమైనదో చెప్పాలి. స్వయంచాలిత వర్షమాపకంలో త్రాసు వంటి ఏర్పాటుపై రెండు చిన్న దోసిళ్ళుంటాయి. ఒకటి నిండగానే ఒరిగిపోయి రెండవది పైకి వస్తుంది. ఎన్నిసార్లు ఒరిగినదో లెక్కపెట్టి వాన ఎంతో చెబుతారు. పైనున్న గరాటులో ఒక వేపాకు అడ్డుపడినా, పిచ్చుక గూడు కట్టినా, సాలీడు దారం అల్లినా లెక్క తారుమారు. దానిని నెలకొకసారి తుడిచే మనిషి కావాలి. ఆ మనిషికి జీతం కావాలి. ప్రారంభోత్సవపు శిలాఫలకంపై ఆ మనిషి పేరు ఉండదు గనుక బడ్జెట్టులోనూ తరచు ఉండదు.

కూరగాయల బజారులో తక్కెడకు నిర్ణీత వ్యవధికొకసారి ముద్ర వేయించుకోకపోతే తూనికలు, కొలతల శాఖవారు అపరాధం విధిస్తారు. కిలో వంకాయలలో యాభై గ్రాముల మోసం జరగకూడదని ప్రభుత్వానికి అంత పట్టుదల. సంవత్సరపు పంట, వేలమంది రోజుకూలి ఏ పరికరం చూపే అంకెపై ఆధారపడి ఉన్నవో, దానిని చివరిసారి ఎప్పుడు పరీక్షించారో తెలిపే ముద్ర ఆ కంచె బయట నిలబడిన రైతుకు ఎందుకు కనిపించకూడదు?

కొలిచే పరికరంపై అనుమానం విజ్ఞానానికి అవమానం కాదు, విజ్ఞానపు పుట్టుకే అది. ఉష్ణమాపకాలను ఎండ సోకకుండా, గాలి ఆడేటట్లు ఉంచే తెల్లని చెక్కపెట్టెను స్టీవెన్సన్ పెట్టె అంటారు. ఆంగ్లసాహిత్యం చదువుకున్న నాకు అది రూపొందించిన థామస్ స్టీవెన్సన్, ‘ట్రెజర్ ఐలండ్’ వ్రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్‌కు తండ్రి అని తెలిసినప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. లైట్‌హౌస్‌లు కట్టిన ఇంజనీరు ఆయన. పెట్టె ఎక్కడ ఉన్నది, కింద గడ్డి ఉన్నదా, సిమెంటు ఉన్నదా, పక్కన గోడ ఉన్నదా అన్న చిన్న సంగతులపైనే కొలత నిలుస్తుందని ఆ రంగంలో పనిచేసేవారందరికీ తెలుసు. అంతకు శతాబ్దం పైచిలుకు ముందే, నేడు పార్లమెంటు వీధికి ఆనుకొని ఉన్న జంతర్ మంతర్‌లో సవాయీ జయసింహుడు రాతితో, సున్నంతో బ్రహ్మాండమైన యంత్రాలు కట్టించినాడు. ఇత్తడి పరికరాలు అరిగి, కదిలి తప్పు చూపుతున్నవన్నదే ఆయన ఫిర్యాదు. ఆ యంత్రాల దాపునే ఈనాడు రైతులు ధర్నాలకు కూర్చుంటున్నారు.

మనకు రెంటచింతల పేరు ఎట్లా తెలిసినదో ఆలోచించండి. వేసవిలో ప్రాంతీయ వార్తలు విన్న తరానికి అది అగ్నిగుండానికి మారుపేరు. పల్నాటి ఎండ తక్కువదని అనను. కాని ఆ పేరు మోగినది అక్కడ కొలిచే కేంద్రం ఉన్నందువల్ల. పొరుగునే అంతకంటె వేడెక్కే పల్లె ఉండవచ్చు. కొలిచేవాడు లేని ఊరికి ఎండ లేనట్టే లెక్క. ఢిల్లీలోనూ అంతే. 2024 నాటి లెక్క ప్రకారం రాజధాని ప్రాంతంలో ఐదు వేధశాలలు, పదిహేను స్వయంచాలిత కేంద్రాలు. రేకుల కప్పు కింద వంటచేసుకునే కూలిమనిషి గదిలోని వేడి సఫ్దర్‌జంగ్ పచ్చికపై పెట్టెలోని అంకెలో కనిపించదు. కేంద్రాలు పెరగవలసిన అవసరం నిజమే.

పెరిగిన కేంద్రాలను కాపాడేదెవరు? దీనికి జవాబు మన రాష్ట్రంలోనే ఒకసారి దొరికినది. ఈ శతాబ్ది తొలి దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరవు జిల్లాలలో రైతులు తామే నిర్వహించుకునే భూగర్భజల పథకం నడిచినది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పడినది. అనంతపురం, కడప, ప్రకాశం, నల్గొండ పల్లెలలో రైతులు, స్త్రీలతో సహా, వాన పడిన రోజున వర్షమాపకం చదివి ఊరి గోడపై వ్రాసేవారు. బావులలో నీటిమట్టం కొలిచేవారు. రబీకి ముందు ఊరంతా కూర్చొని ఉన్న నీరెంత, వరి వేస్తే ఎంత, సెనగ వేస్తే ఎంత అని లెక్కకట్టేవారు. గోడపై వ్రాసిన అంకె తప్పయితే దారిన పోయే ప్రతివాడూ నిలదీస్తాడు. ముంగేష్‌పూర్‌కు ఢిల్లీ నుంచి నిపుణులు కారులో వెళ్ళవలసి వచ్చినది; ఆ పల్లెలలో నిపుణులు ఊరిలోనే ఉన్నారు.

యంత్రం తప్పు చెప్పడం ఒక ఎత్తు; అది నిజం చెప్పినా వినకపోవడం మరొక ఎత్తు. 2025 అక్టోబరు 28న ఢిల్లీ ప్రభుత్వం కాన్పూరు ఐ.ఐ.టి. సహాయంతో కాలుష్యం కడిగివేయడానికి మేఘమథనం జరిపినది. మబ్బులలో తేమ 10, 15 శాతానికి మించి లేదు. విమానం ఎగిరినది. నోయిడాలో 0.1, గ్రేటర్ నోయిడాలో 0.2 మిల్లీమీటర్ల వాన నమోదైనది. రుమాలు తడవదు. తేమ లేదన్న కొలతను గౌరవించి ఉంటే విమానపు ఇంధనమైనా మిగిలేది.

1875లో స్థాపితమైన వాతావరణ శాఖ 2025 జనవరిలో నూటయాభై ఏళ్ళ పండుగ చేసుకున్నది. అంతకు నాలుగు నెలల ముందు, 2024 సెప్టెంబరు 11న, కేంద్ర మంత్రివర్గం రెండేళ్ళకు 2,000 కోట్ల రూపాయలతో ‘మిషన్ మౌసమ్’ను ఆమోదించినది. రాడార్లు, ఉపగ్రహాలు, సూపర్ కంప్యూటర్లు రావలసినవే. తుఫానుల హెచ్చరికలు మెరుగుపడి తీరప్రాంతంలో ఎన్ని ప్రాణాలు దక్కినవో దివిసీమ ఉప్పెన ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. కాని పత్రికా గేలరీలో కూర్చొని ఏళ్ళ తరబడి గమనించిన విషయమొకటి ఉన్నది. కేంద్రాలు ఎన్ని స్థాపించారని సభ్యులు అడుగుతారు, మంత్రులు సంఖ్య చెబుతారు, బల్లలు మోగుతాయి. వాటిలో ఎన్నిటిని గత పన్నెండు నెలలలో ప్రమాణ పరికరంతో పోల్చి పరీక్షించారు, ఎన్ని తప్పు చూపినవి, తప్పు చూపినచోట భీమా సొమ్ము తిరిగి లెక్కకట్టారా అన్న ప్రశ్నలు నా చెవిన పడలేదు. మన రెండు రాష్ట్రాల నుంచి వచ్చిన సభ్యులలో ఎవరైనా దీనిని చేపట్టవచ్చు. శూన్యగంటలో ప్రస్తావిస్తే ఒక ఉత్తరం వచ్చి ఊరుకుంటుంది. నక్షత్రపు గుర్తుగల ప్రశ్నే వేయాలి. దానికి మంత్రి లేచి నిలబడి నోటితో సమాధానం చెప్పాలి, అనుబంధ ప్రశ్నలకూ వీలుంటుంది. మొదటి అనుబంధ ప్రశ్న మహబూబ్‌నగర్ గురించి అయితే మరీ మంచిది.