నాళాల్లో సున్నం: నెపం వయసు మీద వేయొద్దు

తెలుగు చదవడం రాని పిల్లలకు ఇంట్లో ఎవరైనా చదివి వినిపించండి. మాట మనదే, చెవికి తెలుస్తుంది. రాత కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

వచ్చే మహాసభకు ఒక తీర్మానం వస్తోంది. 40 దాటిన ప్రతి సభ్యుడికీ గుండె నాళాల కాల్షియం స్కాన్, సగం ఖర్చు సంక్షేమ నిధి నుంచి. కోవిల్‌పట్టి, విరుదునగర్ సభ్యులం కొందరం దీన్ని వ్యతిరేకిస్తున్నాం. ఖర్చు గురించి కాదు మా గొడవ. తీర్మానం వెనక ఉన్న ఆలోచనే తప్పు. "వయసైతే నాళాలకు సున్నం పడుతుంది, అది ఎవరికైనా తప్పదు, ఎంత పట్టిందో చూసుకుంటే చాలు" అని వేదిక మీదే చెప్పారు. ఆ మాట విని మనవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఈమధ్య సంతాప సందేశాల్లో చూస్తున్నవి యాభైలు కూడా దాటని ముఖాలు. వాళ్ళకు ఏం వయసైందని?

ముందు ఇంకో పుకారు సంగతి తేల్చాలి. మన కరిసల్ నేలలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, కాచిన గిన్నె అడుగున తెల్లగా పొర కడుతుంది. అదే పొర నాళాల్లోనూ కడుతుందని, అందుకే పాలు, రాగులు మానేయాలని వాట్సాప్‌లో తిరుగుతోంది. కొందరు అత్తలు నిజంగానే రాగి కూళు మానేశారు, మోకాళ్ళు మాత్రం నొప్పులే. నాళం గిన్నె కాదు. దాని గోడలో ప్రాణమున్న కణాలున్నాయి. కొవ్వు, బీపీ, చక్కెర, పొగ ఏళ్ళ తరబడి గోడను దెబ్బతీస్తే అక్కడి కండర కణాలు ఎముక కణాల్లా నడుచుకోవడం మొదలుపెడతాయి. ఎముక పెరిగినట్టే అక్కడ సున్నం పేరుతుంది. దాన్ని ఆపే కాపలా కూడా ఒంట్లోనే ఉంది. 1997లో ఎలుకల్లో ఒక్క ప్రోటీన్ జన్యువును తీసేసి చూశారు. విటమిన్ కె ఉంటేనే పనిచేసే ప్రోటీన్ అది. ఆ ఎలుకలు రెండు నెలల్లోపే నాళాలు గట్టిపడి, పగిలి చచ్చిపోయాయి. వాటికి ఎవరూ ఎక్కువ పాలు పోయలేదు. అమెరికాలో పదేళ్ళు వేల మందిని గమనించి 2016లో అచ్చువేసిన అధ్యయనంలో, కాల్షియం బాగా అందినవాళ్ళ గుండె నాళాల్లో కొత్తగా సున్నం పట్టడం తక్కువే కనిపించింది. మాత్రలు వేసుకునేవాళ్ళలో కొంచెం ఎక్కువ. కాబట్టి మాత్రల సంగతి డాక్టరును అడగండి, రాగుల జోలికి పోకండి.

ఇక వయసు మాట. మనకు అతి దగ్గరి చుట్టాలు చింపాంజీలు. మనుషుల దగ్గర పెరిగే చింపాంజీలకు కొలెస్ట్రాల్ మన డాక్టర్లు చూస్తే హడలిపోయేంత ఉంటుంది, బీపీ కూడా ఉంటుంది. గుండె జబ్బుతో చస్తాయి కూడా. కానీ వేలూరు సీఎంసీలో చదువుకున్న అజిత్ వార్కీ, ఆయన తోటివాళ్ళు 2009లో చూపించింది ఏమిటంటే, వాటి జబ్బు వేరు. గుండె కండరంలో నారలాంటి మచ్చ పెరుగుతుంది. మనలాగా నాళం పూడి గుండెపోటు రావడం వాటిలో అరుదు. రెండు మూడు మిలియన్ల ఏళ్ళ కిందట మన పూర్వీకుల్లో ఒక జన్యువు పనిచేయడం మానేసింది, చింపాంజీల్లో అది ఇంకా పనిచేస్తోంది. 2019లో ఎలుకల్లో ఆ జన్యువును ఆపితే నాళాల్లో కొవ్వు పూడిక దాదాపు రెట్టింపైంది.

"అయితే మనిషి తలరాతే అది" అంటారు మన బావలు. ఈజిప్టు, పెరూ మమ్మీల్లో కూడా ఉందట కదా అంటారు. ఉంది. 2013లో నాలుగు ప్రాంతాల 137 మమ్మీలను స్కాన్ చేస్తే 47 దేహాల్లో నాళాల జబ్బు గుర్తులు కనిపించాయి. మరి మిగతా 90 సంగతి? బొలీవియా అడవుల్లో చిమానే అనే జనం ఉన్నారు. వాళ్ళూ మనుషులే, వాళ్ళలోనూ ఆ జన్యువు పనిచేయదు. 40 నుంచి 94 ఏళ్ళ వాళ్ళు 705 మందిని స్కాన్ చేసి 2017లో లెక్క చెప్పారు. 85 శాతం మందికి గుండె నాళాల్లో సున్నం సున్నా. 75 దాటిన ముసలివాళ్ళలో కూడా 65 శాతం మందికి సున్నా. వాళ్ళ తిండిలో మూడొంతులకు దగ్గరగా పిండిపదార్థమే, మన తాతల కంబు కూళు లాంటిదే. మగవాళ్ళు రోజుకు ఆరేడు గంటలు కదులుతూనే ఉంటారు. విరుదునగర్ నూనె పరోటా కరిసల్ నేలకు గొప్ప పేరే, కాదనం. కానీ రాత్రి పదికి నాలుగు లాగించి పొద్దున తలరాత అనడం ఏం న్యాయం?

చక్కెర ఉన్నవాళ్ళకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు సున్నం నాళం మధ్య పొరలో కూడా పడుతుంది, కాళ్ళలో ముఖ్యంగా. దీన్ని జర్మనీ డాక్టరు మోంకెబర్గ్ వివరించింది 1903లో. మన కామరాజర్ విరుదునగర్‌లో పుట్టింది కూడా ఆ ఏడాదే. అప్పటినుంచీ తెలిసిన సంగతిని మనం ఇంకా వయసు ఖాతాలో రాస్తున్నాం.

స్కాన్ పనికిరాదని మేము అనడం లేదు. 1990లో అగాట్‌స్టన్ అనే డాక్టరు లెక్క కట్టే పద్ధతి చెప్పాడు. మందు మొదలుపెట్టాలా వద్దా అని డాక్టరుకే సందేహం ఉన్నచోట ఆ అంకె బాగా ఉపయోగపడుతుంది. 40 దాటారని అందర్నీ వరసలో నిలబెట్టి తీయడానికి కాదు. సున్నం పట్టని మెత్తటి పూడికను ఆ స్కాన్ చూడలేదు. మన దక్షిణాసియా వాళ్ళకు మొదటి గుండెపోటు సగటున 53కే వస్తోంది, మిగతా దేశాల్లో 59 దగ్గర. చిన్న వయసువాడు "నాకు సున్నా" అని కాగితం జేబులో పెట్టుకుని బీడీ వెలిగిస్తాడు. ఇంకొకాయన కొవ్వు తగ్గించే మాత్ర వేసుకుంటూ రెండో స్కాన్‌లో అంకె పెరిగిందని మాత్ర మానేస్తాడు. ఆ మాత్రలతో పూడిక గట్టిపడి అంకె పెరగవచ్చు, ప్రమాదం మాత్రం తగ్గుతుంది. స్కాన్ సెంటర్ రసీదు మీద ఇవేవీ రాసి ఉండవు.

52 దేశాల్లో జరిపి 2004లో అచ్చైన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో, మొదటి గుండెపోటు ముప్పులో 90 శాతానికి తొమ్మిది కారణాలే సరిపోయాయి. పొగ, బీపీ, చక్కెర, కొవ్వు, పొట్ట అందులో ఉన్నాయి. వయసు ఆ తొమ్మిదిలో లేదు. వీటిలో చాలావాటిని కొలవడానికి మదురై పోనక్కర్లేదు. 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో మొదలైన 'మక్కళై తేడి మరుత్తువం' పథకంలో బీపీ, చక్కెర మాత్రలు ఇంటికే తెచ్చిస్తున్నారు. విరుదునగర్‌లో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. మన అగ్గిపెట్టె కంపెనీల అక్కల్లో ఎంతమంది పేరు ఆ పథకంలో నమోదైందో సంఘం ఎప్పుడైనా అడిగిందా?

మా ప్రతి తీర్మానం ఇది. స్కాన్‌కు అనుకున్న డబ్బుతో ప్రతి ఊరి శాఖకు రెండు బీపీ మిషన్లు, ఒక చక్కెర మిషను కొనాలి. నెలకొక ఆదివారం కల్యాణ మంటపంలో 30 దాటిన అందరికీ చూడాలి, అంకె ఎక్కువున్నవాళ్ళను ప్రభుత్వ ఆసుపత్రికి తోడుండి తీసుకుపోవాలి. స్కాన్ అవసరమని అక్కడి డాక్టరు చీటీ రాస్తే అప్పుడు నిధి సగం కాదు, మొత్తం ఇవ్వనీ. మంటపం లోపలా, పందిట్లోనూ పొగ బంద్. పెండ్లికొడుకు మామ అయినా సరే.

మహాసభలో చేతులెత్తించి కాదు, చీటీల మీద ఓటు అడుగుతాం. కోవిల్‌పట్టి శాఖకు మొదటి మిషను డబ్బు మేమే ఇస్తున్నాం. మిగతా శాఖల వాళ్ళు మీ ఊరి పేరు కింద రాయండి.