అండర్‌పాస్‌లో చావు దేవుని చిత్తమా?

2023 మే 21, ఆదివారం. కర్ణాటకలో కొత్త ప్రభుత్వం ప్రమాణ స్వీకారం చేసి ఒక్కరోజే అయింది. బెంగళూరు విధానసౌధకు కూతవేటు దూరంలో, కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో నిలిచిన వాన నీళ్లలో ఒక క్యాబ్ మునిగింది. కుటుంబంతో కలిసి అందులో ఉన్న తెలుగు యువతి, ఐటీ ఉద్యోగిని, చనిపోయింది. మిగతావాళ్లను బయటికి లాగగలిగారు.

బారికేడ్ వానకు పడిపోయిందట, డ్రైవరు తెగించాడట. ముఖ్యమంత్రి చెప్పిన కారణం అది. అయిదు లక్షల పరిహారం ప్రకటించారు. ఇలాంటి చావు కబురు వినగానే మన సంఘాల్లో వినిపించే మాట మరొకటి ఉంది: దేవుని చిత్తం. ఈ రెండు మాటలనూ మేము ఒప్పుకోం.

వానకు పడిపోయేది బారికేడ్ ఎలా అవుతుంది? నీరు పల్లమెరుగునని పసిపిల్లలకు కూడా తెలుసు. అండర్‌పాస్ కట్టినవాళ్లకు తెలియదా? వాన పడితే అక్కడ పంపు ఆడాలి, కాలువ తెరుచుకుని ఉండాలి, ఒక మనిషి నిలబడి దారి మూయాలి. కొత్త ఇల్లు కట్టినవాడు పైకప్పుకు పిట్టగోడ కట్టకపోతే, పడినవాడి రక్తదోషం ఆ ఇంటి మీదికే వస్తుందని ద్వితీయోపదేశకాండము 22:8 చెబుతోంది. పడినవాడు చూసుకుని నడవాల్సిందని అక్కడ లేదు! డ్రైవరు తెగింపును మేము మెచ్చుకోం. కానీ చుట్టూ తిరిగి వెళ్తే ఆ ఇంధనం, ఆ సమయం ఎవరి జేబులోంచి పోతాయో క్యాబ్ నడిపే మన తమ్ముళ్లను అడగండి. 2020 జూలైలో ఢిల్లీ మింటో బ్రిడ్జి కింద, 2024 సెప్టెంబరులో ఫరీదాబాద్ రైల్వే అండర్‌పాస్‌లో కూడా మనుషులు ఇలాగే పోయారు.

పాలకులతో పోరాటం రేపటికి తేలదు. ఈలోపు వాన ఆగదు. అందుకే యవ్వనస్థులారా, ఇది నేర్చుకోండి. అండర్‌పాస్‌లో కారు ఆగిపోతే ఇంజను స్టార్ట్ చేస్తూ కూర్చోవద్దు, వెంటనే దిగిపోండి. చెరువులోనో కాలువలోనో పడితే కారు కాసేపు తేలుతుంది. ఆ ఒక్క నిమిషమే మీది. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ కార్లను నిజంగా నీళ్లలో ముంచి పరీక్షించి చెప్పిన వరస ఇది: సీటు బెల్టు తీయాలి, కిటికీ దించాలి, పిల్లల్ని ముందు బయటికి తోయాలి, వెంటనే తామూ బయటపడాలి. ఫోను తర్వాత. నీళ్లు తలుపు సగానికి వచ్చాక దాని జోలికి పోవద్దు, ఆ ఒత్తిడికి అది కదలదు. కారు పూర్తిగా నిండాక తలుపు సులువుగా వస్తుంది, అప్పటిదాకా ఆగండి అనే సలహా ఒకటి తిరుగుతుంటుంది. అది నమ్మినవాడికి అప్పటికి ఊపిరి మిగలదు. కిటికీ దిగకపోతే మొన ఉన్న చిన్న సుత్తితో పక్క అద్దాన్ని మూలన కొట్టాలి. ముందు అద్దం మీద బలం వృథా చేయవద్దు, దాని పొరల మధ్య ప్లాస్టిక్ ఉంటుంది. కొన్ని కొత్త కార్లలో పక్క అద్దాలూ ఆ రకమే, కొనేటప్పుడే అడగండి.

కొత్త కారు కొంటే పాస్టరును పిలిచి ప్రార్థన చేయిస్తారు. మంచిదే. ఆ రోజే ఆ సుత్తిని కూడా చేతికందేచోట పెట్టించండి. బెంగళూరు, చెన్నై, బరంపురం, షోలాపూర్ సంఘాలవారు వానలు ముదిరేలోగా ఒక యవ్వనస్థుల కూడికను దీనికి కేటాయించండి. మీ దగ్గర నీళ్లు నిలిచే అండర్‌పాస్‌ను ఫొటో తీసి, నగరపాలక సంస్థకు అర్జీ పెట్టండి. రసీదు తీసుకోకుండా అక్కణ్ణుంచి కదలవద్దు.