ముంత ఫిడేలును బొమ్మ అనకండి

ముంత ఫిడేలు అమ్మే మనిషిని మోసగాడు అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. హైదరాబాద్‌లో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదో, జనవరిలో నాంపల్లి నుమాయిష్ ప్రదర్శనకు వెళ్లే దారిలోనో ఆయన సినిమా పాట వాయిస్తుంటే పిల్లలు కాళ్లకు బ్రేకులు వేసినట్టు ఆగిపోతారు. పెద్దలు బేరమాడి, చెప్పిన ధరలో సగానికి కొంటారు. ఇంటికెళ్లాక అది కీచుమంటుంది, లేదా అసలు పలకదు. "వాడి చేతిలో ఉన్నది వేరు, మనకు అంటగట్టింది వేరు" అని తీర్పు చెప్పి మూల పడేస్తారు.

కాదండీ, రెండూ ఒకటే. ఆయన చేతికి ఏళ్ల సాధన ఉంది, మనకు లేదు.

ఆ వాద్యంలో ఏముందో ఒక్కసారి చూడండి. చిన్న మట్టి ముంత. దాని మూతికి బిగువుగా అంటించిన కాగితమో తోలో. అడ్డంగా దూర్చిన వెదురు కర్ర, దాని కొసన తిప్పడానికి బిరడా, ఒకటో రెండో సన్నని తీగలు, ఆ తీగల్ని కాగితం మీద ఎత్తి పట్టే పుల్లముక్క. వంచిన వెదురు బద్దకు వెంట్రుకలు కడితే కమాను. తీగ అదురు పుల్లముక్క గుండా కాగితానికి చేరుతుంది, కాగితం ముంతలోని గాలిని కదిలిస్తుంది. లక్షల రూపాయల వయొలిన్‌లో చెక్క పలక చేసే పనీ ఇదే. మొత్తం తీగ షడ్జమం పలికితే, మూడింట రెండు వంతుల పొడవు మిగిలేలా వేలు పెడితే పంచమం, సగం మిగిలేలా పెడితే పై షడ్జమం. మెట్లు లేవు కాబట్టి ఆ చోటును చెవే వెతుక్కోవాలి.

కమానుకు రోజిన్ అనే జిగురు ముద్ద రాయకపోతే వెంట్రుకలు తీగ మీద జారిపోతాయి, నాదం పుట్టదు. తేమకు కాగితం సడలితే గొంతు పోతుంది. ఇంటికెళ్లాక మూగబోయే ఫిడేళ్లలో చాలావాటి జబ్బులు ఇవే. ఈ రెండు సంగతులు అడిగి తెలుసుకునే ఓపిక మనకు లేకపోయింది. నింద మాత్రం ఆయన మీద వేశాం.

ఇంటి చుట్టూ దొరికే సరుకుతో వాద్యం కట్టుకోవడం ఈ నేలకు కొత్త కాదు. ఎండిన సొరకాయ బుర్రలు, వెదురు, తేనె మైనంతో నిలబెట్టిన మెట్లతో డక్కలి కళాకారులు కిన్నెర చేసుకున్నారు. దాని మీద పండుగ సాయన్న, మియాసాబ్ లాంటి వీరుల కథలు పాడారు. బైండ్లవారి జమిడికలోనూ తోలు గుండా పోయే నరాన్ని మీటితేనే శబ్దం. పరిశోధకుడు జయధీర్ తిరుమలరావు ఇలాంటి వాద్యాలను వెతికి పోగుచేయకపోతే వాటిలో ఎన్నిటి పేర్లు మనకు మిగిలేవో! దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర నగరంలో చాలామంది చెవిన పడటానికి 2021లో ఒక సినిమా పాట కావాల్సి వచ్చింది. 2022లో మొగులయ్యకు పద్మశ్రీ వచ్చింది, సంతోషం. మరి కిన్నెర చేయడం మన పిల్లలకు ఎవరు నేర్పుతారు? శాలువా కప్పినవాళ్లలో ఆ ప్రశ్న అడిగినవాళ్లు ఎందరు?

పరాగ్వేలోని కతెయురాలో చెత్తకుప్పల్లో దొరికిన డబ్బాలతో, చెక్కముక్కలతో పిల్లలకు వయొలిన్లు, చెల్లోలు చేసిచ్చారు. ఆ పిల్లల వాద్యబృందం దేశదేశాలు తిరిగింది. ఆ వీడియోలు చూసి కళ్లు తుడుచుకునే మనమే, నాంపల్లిలో ముంత ఫిడేలు ఎదురైతే మొహం తిప్పుకుంటాం.

నేనడిగేది పెద్ద ఖర్చు కాదు. పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ ఉంది, తెలుగు విశ్వవిద్యాలయం నాంపల్లి ప్రాంగణం ఉంది. రాంకోఠిలో త్యాగరాజ సంగీత నృత్య కళాశాల ఉంది. 1938లో మొదలైన నుమాయిష్ ఉంది. బాలభవన్ వేసవి శిక్షణలో ఈ ఫిడేలు చేసే మనిషిని గురువుగా కూర్చోబెట్టండి, గౌరవవేతనం ఇవ్వండి. సంగీత విద్యార్థులు పట్టా పుచ్చుకునేలోగా తమ చేత్తో ఒక్క వాద్యమైనా చేయాలని నియమం పెట్టండి. నుమాయిష్‌లో వాద్యాలు చేసేవాళ్లకు అద్దె లేని స్టాలు ఒకటి కేటాయించండి. అక్కడే చేసి, అక్కడే వాయించి, కొన్నవాళ్లకు కాసేపు నేర్పి పంపుతారు.

అమ్మానాన్నలారా, ఈసారి బేరమాడకండి. కమానుకు ఏం రాయాలి, తీగ ఎలా బిగించాలి అని అడగండి. పిల్లల్ని ఆయన పక్కన కాసేపు నిలబెట్టండి. ఆయన వాద్యకారుడు, వాద్యాలు చేసే పనివాడు కూడా. అలాగే పలకరించండి, అందుకు తగ్గట్టే డబ్బివ్వండి.