క్రోటన్ కుండీలు చాలు, అవిశ పెడదాం

వార్షికోత్సవం వస్తోందంటే హాస్టల్ ముందు క్రోటన్ మొక్కలు దిగుతాయి. అతిథులు వెళ్లిన నెలకు కుండీలే మిగులుతాయి. ఈ ముచ్చట మేమూ ఐదేళ్లు చూశాం. అందుకే పాత విద్యార్థులుగా ఒక మాట. ఈసారి స్నానాల గదుల నీళ్లు పారే కాలువ వెంట అవిశ పెడదాం.

ఈ చెట్టును మేము మొదట చూసింది యూనివర్సిటీ హాస్టల్ వెనుక. కొడవలిలా వంగిన తెల్లని పూలు. పూల వేపుడు, ఆకు పప్పు అక్కడే తిన్నాం. కొన్ని ఇళ్లలో ఏకాదశి ఉపవాసం ఉండి ద్వాదశి నాడు ఈ ఆకుకూర తింటారని ఒక మిత్రుడు చెప్పాడు. మన ఉపవాసాలకు తిథులు లేవు. అమ్మానాన్నలు సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోయినప్పుడు, సంక్రాంతి సెలవులకు తాళం వేసిన ఇంటికి వెళ్లిన తమ్ముళ్లను అడగండి.

జాతీయ పోషకాహార సంస్థ పట్టిక ప్రకారం 100 గ్రాముల అవిశ ఆకులో 1130 మిల్లీగ్రాముల కాల్షియం, 8.4 గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయి. ఆవుపాలలో కాల్షియం 120 మిల్లీగ్రాములే. ఆకులోనిదంతా ఒంటికి పట్టదు, నిజమే. చేదు కూడా. పప్పులో గుప్పెడు చాలు. అయితే అవిశ నాటారు కదా అని మెనూలో గుడ్డు తగ్గిస్తే మాత్రం ఒప్పుకోం. గుడ్డు మన హక్కు, అవిశ అదనం.

శనక్కాయ పీకే కూలికి పోయినవాళ్లకు వేర్ల మీది బుడిపెలు తెలుసు. అవిశకూ అవే ఉంటాయి. వాటిలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని చెట్టుకు అందిస్తుంది. బుడిపె చిదిమితే లోపల గులాబీ రంగు కనిపిస్తే పని జరుగుతున్నట్టే. పక్కనున్న టమోటాకు మాత్రం ఆ ఎరువు ఊరికే రాదు, రాలిన ఆకును పాదులో కప్పాలి. వార్డెన్లు చెత్త అనేది ఆ ఆకునే!

మంచు పడే చలికి ఇది చచ్చిపోతుంది. ఆదోని, ఎమ్మిగనూరుల్లో ఆ భయం లేదు, నల్లరేగడీ దీనికి ఇబ్బంది కాదు. మన బెడదల్లా మేకలు, గాలి. కొమ్మ పెళుసు. గింజలు రాత్రంతా నానబెట్టి తొలకరికి వేయాలి. ఛాతీ ఎత్తు దాటాక తల తుంచితే పొదలా గుబురు కడుతుంది. మొదలంటా నరికితే మళ్లీ లేవదు. అత్యాశకు పోయి మేము ఒకదాన్ని అలాగే పోగొట్టుకున్నాం.

ఎండిన కాయలు వార్షికోత్సవం రోజు మేమే తెస్తాం. ముళ్లకంప కంచె ఎనిమిదో తరగతి తమ్ముళ్లది. ఆవరణలో పోస్తున్న సిమెంటు కాలువ గట్టు దాకా రాకముందే వార్డెన్ గారిని అడగండి.