ఏనుగును తరిమేది ఎక్కడికి?

మా రామకుప్పం మండలంలో ఏనుగులు పొలాల్లో పడినప్పుడల్లా ‘తరిమివేయండి’ అన్న మాటే వినవస్తుంది. ఎక్కడికి తరమాలి? సుమారు రెండు శతాబ్దాల తరువాత, 1980ల నడుమ, తమిళనాడు, కర్ణాటక అడవులనుండి అవి ఇటు వచ్చాయి. వాటికొరకే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడినది. దాని విస్తీర్ణం దాదాపు 358 చదరపు కిలోమీటర్లే. ఎదిగిన ఏనుగుకు దినమునకు 150 కిలోల మేత, 100 లీటర్లకు మించి నీరు కావలెను. వేసవిలో వాగులెండితే అది చెరకుతోటకు రాక ఏమి చేయగలదు? కందకాలు, సోలార్ కంచెలు దానిని కొంతకాలం ఆపవచ్చు, ఆకలిని తీర్చలేవు. అడవిలో వెదురు పెంచాలి, కుంటలు తవ్వాలి, పొరుగు రాష్ట్రాల అడవులకు దారి విడువాలి. రైతుకు పరిహారమూ వెంటనే అందాలి. లేనిచో గట్టున కరెంటు తీగ వెలుస్తుంది. ఆ తీగకు ఏనుగు, మనిషి అన్న భేదం తెలియదు.