రంగు పలచన కావాలి, జాగ్రత్త పలచన కాకూడదు

సెలవులు వచ్చాయంటే మన బిడ్డల్లో కొందరు ప్లాస్టిక్ ముక్కలు అతికించి విమానాలు, ట్యాంకులు, ఓడల నమూనాలు తయారుచేస్తుంటారు. మంచి అలవాటే. ఓర్పు అలవడుతుంది, చేతికి పనితనం వస్తుంది. దీన్ని మాన్పించమని మేము చెప్పం. కానీ ఈ పనిలో వాడే థిన్నర్ సీసా గురించి మాత్రం తల్లిదండ్రులకు నాలుగు మాటలు చెప్పాలి.

నమూనా కొత్తగా మెరుస్తుంటే అసలు విమానంలా కనిపించదు. అందుకని ముదురు రంగును బాగా పలచన చేసి పైన పూస్తారు. దీన్ని 'వాష్' అంటారు. ఆ రంగు సన్నని గీతల్లోకి తనంతట తానే పాకుతుంది. పైన మిగిలింది తుడిచేస్తే మురికి, తుప్పు, పాతదనం కనిపిస్తాయి. ఒక వంతు రంగుకు సుమారు పది వంతుల ద్రవం కలుపుతారు. అంటే ఎనామెల్ రంగుతో వాష్ చేసే బిడ్డ ముందున్న గిన్నెలో దాదాపు అంతా టర్పెంటాయిలే! తలుపులు మూసిన గదిలో దాని ఆవిరి పీలిస్తే తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు రావచ్చు. గుడ్డ మాస్కు ఆ ఆవిరిని ఆపలేదు. ఇక లక్కరు రంగుల థిన్నర్ మరీ ఘాటైనది. అది ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది కాబట్టి వాష్‌కు అసలు పనికిరాదు.

పిల్లలకు నీటితో కలిసే యాక్రిలిక్ రంగులే ఇవ్వాలన్నది మా అభిప్రాయం. నీటిలో ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బుద్రవం వేస్తే రంగు గీతల్లోకి చక్కగా పాకుతుంది. ఇది త్వరగా ఆరిపోతుంది, ఎనామెల్ అంత తీరికగా తుడవలేమన్నది నిజమే. ఒక్కో రెక్క చొప్పున పూసి, వెంటనే తడి దూదితో తుడిస్తే సరిపోతుంది. ఏ రంగైనా సరే, కుంచె మొనను నోటితో తడపనివ్వకండి.

పెద్ద పిల్లలు ఎనామెల్ వాడితే కిటికీలు తెరిచి, పొయ్యికీ దోమల కాయిల్‌కూ దూరంగా, పెద్దల కళ్లెదుట వాడాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. థిన్నర్‌ను కూల్‌డ్రింక్ సీసాలో గానీ, మంచినీళ్ల సీసాలో గానీ, గ్లాసులో గానీ ఎన్నడూ పోయకండి. చూడటానికి అచ్చం నీళ్లలాగే ఉంటుంది. దాహం వేసిన చంటిబిడ్డకు తేడా ఏం తెలుస్తుంది? కొన్న డబ్బాలోనే ఉంచి, మూత బిగించి, తాళం వేయండి. పని కాగానే గిన్నెలో మిగిలినది కూడా అక్కడ ఉండకూడదు.

పొరపాటున బిడ్డ తాగితే కక్కించకండి. ఉప్పునీళ్లు, పాలు పట్టకండి. కక్కేటప్పుడు ఆ ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. తడిసిన బట్టలు విప్పి, ఒళ్లు సబ్బుతో కడిగి, వెంటనే 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లండి. డబ్బా కూడా వెంట తీసుకెళ్లండి. బిడ్డ హుషారుగానే ఉన్నాడని ఆగకండి. దగ్గు, ఆయాసం కొన్ని గంటల తర్వాత కూడా మొదలుకావచ్చు.

బిడ్డ చేసిన విమానాన్ని మెచ్చుకోండి. ఈ సాయంత్రమే ఒకసారి ఆ సీసా ఎక్కడుందో కూడా చూడండి.