తప్పుటడుగు

నవ్వించువాడు నిరపరాధి యని లోకము సత్వరముగ తీర్పు చెప్పును. ఒక చలనచిత్రము విషయమున ఆ తీర్పు పునర్విచారణార్హమని మా మనవి.

లారెల్, హార్డీల నెరుగని వారరుదు. ఒకడు బక్కపలచని అమాయకుడు. రెండవవాడు తనకన్నియు తెలియుననుకొను స్థూలకాయుడు. వీరు 1935 ఆగస్టులో ‘బానీ స్కాట్లండ్’ అను చిత్రమున కనుపించిరి. తాతగారి యాస్తికై స్కాట్లండు చేరిన లారెలుకు దక్కినవి ఊదుకొన నొక తిత్తివాద్యము, పీల్చుకొన నొక నశ్యపుడబ్బీ. పిమ్మట దుస్తులు కుట్టించుకొనబోయి, చోటు తప్పి, ఇరువురును సైన్యమున చేరిరి. ఆ పటాలము హిందూదేశమునకు వచ్చెను.

అందొక దృశ్యము కలదు. కవాతులో లారెల్ అడుగు తప్పును. అతడు దిద్దుకొనడు; తుదకు దళమంతయు అతని తప్పుటడుగునకే తన యడుగు మార్చుకొనును. మేమును కడుపుబ్బ నవ్వితిమి. సైనికదర్పమునకు ఇంతకన్న చక్కని పరాభవ ముండదు.

కాని ఆ కథలో హిందూదేశమునకు దక్కిన పాత్ర యేది? మీర్ జుత్రా అను కుట్రదారుడు. ఆ వేషము మారిస్ బ్లాక్ అను హాలీవుడ్ నటునిది. ఈ దేశస్థుడు తిరుగబడుటకు కారణ మేమో చిత్రము చెప్పదు, అడుగదు. అదే సంవత్సరమున వెలువడిన ‘ది లైవ్స్ ఆఫ్ ఎ బెంగాల్ లాన్సర్’ను అది వెక్కిరించినది. సిపాయి శౌర్యము నవ్వులపాలయ్యెను. వాడిచట నుండుటకు గల హక్కు మాత్రము చెక్కుచెదరలేదు. ఆ ఆగస్టు 2వ తేదీననే ఇండియా ప్రభుత్వ చట్టమునకు రాజామోదము లభించెను. దానిలోను దేశరక్షణ గవర్నరు జనరలు చేతిలోనే యుండెను గదా!

హాస్యమునకు ఇంత విచారణ యేల యందురా? కోపము తెప్పించు చిత్రమును జనులు గుర్తింతురు. 1938లో ‘ది డ్రమ్’పై బొంబాయి ప్రజలు ఆగ్రహించిరి. నవ్వించుదానికి మనమే తలుపు తీయుదుము.

‘లాన్సర్’ కథ వాయవ్య సరిహద్దుది. ఆ సరిహద్దున నిజముగ జరిగిన దేమి? 1930 ఏప్రిల్ 23న పెషావరులో, ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ అనుచరులు, పురజనులు నిరాయుధులై నిలిచిరి. కాల్పుడని యుత్తరువాయెను. చంద్రసింగ్ గఢ్వాలీయు, అతని తోడి రాయల్ గఢ్వాల్ రైఫిల్స్ సిపాయిలును కాల్పమనిరి. చంద్రసింగునకు యావజ్జీవశిక్ష పడెను.

అదియును కవాతులో తప్పుటడుగే. లారెల్ తెలియక తప్పెను. గఢ్వాలీ తెలిసి తప్పెను. మొదటిదానికి లోకము నవ్వి చప్పట్లు కొట్టెను. రెండవదానికి కారాగార మిచ్చెను.

ఆ చిత్రమును నిషేధింపు మని మేము కోరము. చూడుడు, నవ్వుడు. కాని మీ బిడ్డలకు దానిని చూపిన నాడే పెషావరు కథయు చెప్పుడు. ఏ యడుగు తప్పో, ఏ యడుగు ఒప్పో వారే తేల్చుకొందురు.